పేరు లేని మీట

బడి గదిలో బల్లల మీద వరుసగా పన్నెండు ఓటింగ్ యంత్రాలు. ఒక్కోదానికి పదహారు మీటలు. ఓటు వేయడానికి లోపలికి వచ్చినవాళ్లు వచ్చినట్టే గుమ్మం దగ్గర ఓ క్షణం ఆగిపోతున్నారు. 'ఓరి దేవుడా, గిన్నా!' అని ఎవరో పైకే అనేశారు.

2019 ఏప్రిల్ 11. నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి పోలింగ్. బరిలో 185 మంది. అందులో 178 మంది రైతులే. పసుపు బోర్డు పెట్టాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర కట్టాలి అంటూ ఊరూరి నుంచీ వెళ్లి నామినేషన్లు వేసినవాళ్లు. పాత రకం యంత్రాలు నాలుగింటిని మాత్రమే కలపగలరు, అంటే 64 మీటలు. ఒక దశలో కాగితం బ్యాలెట్టే గతి అనుకున్నారు. చివరికి ఇరవై నాలుగింటిని కలపగలిగే కొత్తరకం యంత్రాలు తెప్పించి, పన్నెండేసి చొప్పున పెట్టారు.

ఆర్మూరు చుట్టుపక్కల ఓ ఊరి బడిలో ఆ రోజు వరుసలో నిలబడ్డ పసుపు రైతుకి డెబ్బై ఒక్కేళ్లు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి గొట్టంలోంచి చూసినట్టు కాస్తంత నడుమ భాగమే కనిపిస్తుంది. నీటికాసులు. డాక్టర్లు గ్లాకోమా అంటారు. 2018లో 'కంటి వెలుగు' శిబిరం ఊరికి వచ్చినప్పుడు అద్దాలు ఇస్తారని ఆశగా వెళ్లాడు. ఇది అద్దాలతో పోయేది కాదు, పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. అక్కడ ఉన్న చూపు నిలబడటానికి చుక్కల మందు ఇచ్చారు. పోయిన చూపు మాత్రం రాదన్నారు.

"తోడు ఎవరన్నా ఉన్నారా పెద్దాయనా?" అనడిగారు పోలింగ్ అధికారి. చూపు లేనివాళ్లు పద్దెనిమిదేళ్లు నిండిన ఒకరిని వెంట తీసుకెళ్లి వాళ్లచేత మీట నొక్కించవచ్చు. నిబంధనే ఉంది.

"ఒద్దు సారూ. నాది నేనే ఒత్తుకుంట" అన్నాడాయన.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. రెండు రోజుల ముందు, ఓటు కోసం హైదరాబాద్ నుంచి వచ్చిన మనవరాలు అట్టముక్క మీద చొక్కా గుండీలు పదహారు నిలువు వరుసలో కుట్టి తెచ్చింది. వేలితో పైనుంచి కిందికి లెక్కపెట్టడం సాధన చేయించింది. అభ్యర్థుల జాబితా మొత్తం, గుర్తులతో సహా, రెండుసార్లు చదివించుకున్నాడు తాత. 'ఎవరికేస్తావో చెప్తే ఆ మిషను నంబరొక్కటే గుర్తుపెట్టుకుంటే సరిపోయేది కదా తాతా' అంటే నవ్వాడు. ఎన్నో మిషనో, ఎన్నో గుండీయో మనవరాలికి కూడా చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

లోపల ఎంతసేపు ఉన్నాడో! బయట వరుసలో సణుగుడు మొదలైంది. తర్వాత 'బీప్' మని పొడుగ్గా ఒక కూత. చిరునవ్వుతో బయటికొచ్చాడు. గాజు వెనక ఏడు సెకన్లు కనిపించే చీటీ ఒకటుంటుందని, తన ఓటు ఎవరికి పడిందో అందులో చూసుకోవచ్చని ఆయనకు తెలుసు. ఆ చీటీ మాత్రం ఆయనకు కనిపించలేదు. కూత విన్నాడు. అదే నమ్మకం.

గుర్తులు గీసిన మనిషి

ఓటింగ్ యంత్రం మీద ఒక్కో మీట పక్కన ఏముంటుందో ఎప్పుడైనా గమనించారా? వరుస సంఖ్య. అభ్యర్థి పేరు. 2015 నుంచి ఫొటో. ఆపైన గుర్తు. మీట పక్కనే చేతికి తగిలేలా బ్రెయిలీ చుక్కల్లో సంఖ్య. నొక్కితే ఎర్ర దీపం, ఆనక కూత. చదవగలిగినవాడికి పేరు, చదువు రానివాడికి బొమ్మ, చూపు లేనివాడికి చుక్కలు, అందరికీ కూత. ఒకే మీట ఇన్ని రకాలుగా తానెవరో చెప్పుకుంటుంది.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి పద్దెనిమిది మందే. అందుకే మొదటి సాధారణ ఎన్నికల్లోనే గుర్తులొచ్చాయి. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద అతికించిన బొమ్మ. ఆ తర్వాతి దశాబ్దాల్లో గుర్తుల్లో చాలావాటిని కాగితం మీద పెన్సిలుతో గీసినవాడు ఎన్నికల సంఘంలో పనిచేసిన ఎం.ఎస్.సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్. 1992లో పదవీ విరమణ చేశారు. దువ్వెన, బకెట్టు, ఫ్యాను లాంటి ఇంట్లో వస్తువులే. ముదురు గీతలు. నలుపు, తెలుపు. అల్లంత దూరం నుంచి చూసినా ఇది ఫలానా అని తెలిసిపోయేలా ఉంటాయి. ఇప్పటి కంప్యూటర్ నిపుణులు దేన్నయితే 'ఐకాన్ డిజైన్' అంటున్నారో దాన్నే ఆయన ఓ ప్రభుత్వ కార్యాలయంలో కూర్చుని చేశారు.

ఇక ఆ బ్రెయిలీ చుక్కలు... వాటిని ఓటింగ్ యంత్రం మీద తొలిసారి ప్రయోగించి చూసింది ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే. 2004లో ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ స్థానం ఉపఎన్నికలో. ఆ తర్వాతే మిగతా రాష్ట్రాలకు వెళ్లింది.

ఓటింగ్ యంత్రం సంగతి ఇంతగా చెప్పుకోవడం ఎందుకంటే, రెండేళ్ల తర్వాత అదే పెద్దాయనకి ఇంకో రకం మీటలతో పని పడింది. వాటి పక్కన పేరు లేదు. చుక్కల్లేవు. కూతా లేదు.

కళ్లంలో బేరం

పసుపంటే ఎనిమిది, తొమ్మిది నెలల పంట. జూన్‌లో వేస్తే సంక్రాంతి దాటాక తవ్వుతారు. తవ్వడంతో అయిపోదు. ఉడకబెట్టాలి, కళ్లంలో రెండు వారాలపాటు ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పట్టించాలి. కొమ్ముని, మండని వేరు చేయాలి. కొమ్మంటే వేలంత పొడుగ్గా ఉండేది. మండ గుండ్రంగా ఉంటుంది, ఇక్కడివాళ్లు గోళ అంటారు. కొమ్ము ధర వేరు, గోళ ధర వేరు. ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ ప్రాంతాల సరుకు ఎక్కువగా నిజామాబాద్ మార్కెట్ యార్డుకే వెళ్తుంది. 2016 ఏప్రిల్ 14న దేశవ్యాప్తంగా 21 మార్కెట్లతో ఈ-నామ్ ఆన్‌లైన్ వేలం మొదలైనప్పుడు అందులో నిజామాబాద్ ఒకటి. అప్పటి నుంచి ధర అనేది ఫోన్‌లో కనిపించే వస్తువైపోయింది. కళ్లం దగ్గరికే వచ్చి కొనే వ్యాపారి ఏదైనా రేటు చెప్తే, జేబులోంచి ఫోన్ తీసి 'యార్డుల ఎంతున్నదో చూద్దాం ఆగు' అనడం కుర్ర రైతులకు అలవాటైంది.

2021 మార్చి. కరోనా వల్ల మనవరాలు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తోంది. ఓ చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే పని. మిద్దె మీద గదిలో తలుపేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో ఉంది. కొడుకు ఆర్మూరు వెళ్లాడు. కళ్లంలో ఇరవై రెండు క్వింటాళ్ల కొమ్ము ఎండి సిద్ధంగా ఉంది. అప్పుడు వచ్చాడు వ్యాపారి.

పెద్దాయన ఫోన్‌లో మాట్లాడే గొంతు ఉంది. తెర మీద వేలు పెడితే అక్కడున్నదేంటో చదువుతుంది. రెండుసార్లు తడితే తెరుస్తుంది. లాక్‌డౌన్ రోజుల్లో మనవరాలే నేర్పింది. ధరలు చూపే ఓ సైటు తెరిచాడు. వేలు జరిపాడు.

"చిత్రం మూడు. బటన్" అంది ఫోను.

ఇంకాస్త జరిపాడు.

"చిత్రం నాలుగు. బటన్."

పక్కింటి పిల్లగాడు ఎప్పుడూ చూపించేటప్పుడు కొమ్ము ధర రెండో వరుసలో మొదటిది. అంటే నాలుగోది. ఆ లెక్క గుర్తుంది. ఓటింగ్ యంత్రంలా ఇది కూడా ఎక్కడున్నది అక్కడే ఉంటుందనుకున్నాడు. కానీ ఆ సైటువాళ్లు ఈమధ్యే అందంగా ఉండాలని బొమ్మల వరుస మార్చారు. నాలుగోది ఇప్పుడు గోళ. తెరుచుకున్న పేజీలో 'గోళ' అన్న శీర్షిక కూడా బొమ్మే. ఫోన్ దాన్ని చదవలేదు. అంకెల్ని మాత్రం చక్కగా చదివింది. వ్యాపారి చెప్పింది ఆ అంకెకి దగ్గరగానే ఉంది. 'సరే, తీస్కపో' అన్నాడు పెద్దాయన.

క్వింటాలుకు ఏడు వందలు తేడా. మొత్తం పదిహేను వేల పైమాటే. సాయంత్రం కొడుకు వచ్చాక సంగతి బయటపడింది. వ్యాపారికి ఫోన్ చేద్దామన్నాడు కొడుకు. పెద్దాయన ఒప్పుకోలేదు.

"మాటిచ్చినంక మల్ల ఏం అడుగుతం? ఆయన మోసం జేసిండా? లేదు. నేనే తప్పు ఒత్తిన."

"నన్ను పిలవొచ్చు కదా తాతా. పైనే ఉన్నా కదా" అంది మనవరాలు.

"నీ మీటింగు నడుస్తుండె గద బిడ్డా. గింత దానికి ఎందుకు అనుకున్న."

ఇంట్లో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అదే ఆయనకి మరీ కష్టంగా తోచింది. కొన్నాళ్లు ఫోన్ ముట్టుకోలేదు. రేటు అడగాల్సి వస్తే కొడుకు కోసం ఎదురుచూశాడు. డబ్బు సంగతి అందరూ మరచిపోయారు గానీ ఆ ఎదురుచూపు మాత్రం అలవాటుగా మిగిలిపోయేలా కనిపించింది.

ఆ రాత్రి నిద్ర పట్టనిది మనవరాలికి. ఎందుకంటే, వారం కిందటే ఓ బట్టల దుకాణం కోసం ఆమె ఓ సైటు కట్టింది. పదకొండు బొమ్మ మీటలు. చీరకో బొమ్మ, సంచికో బొమ్మ, ఇంటికో బొమ్మ. ఒక్కదానికీ పేరు పెట్టలేదు. పెట్టమని ఎవరూ అడగలేదు కూడా. 'చాలా నీట్‌గా ఉంది' అని మెచ్చుకున్నారు.

బొమ్మకు మాట

వెబ్ పేజీలో బొమ్మ పెట్టే పద్ధతిని 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసన్ అనే అమెరికా కుర్రాడు ప్రతిపాదించాడు. అంతవరకూ వెబ్ అంటే అక్షరాలే. బొమ్మలొచ్చాక మూడేళ్లలోపే, బొమ్మ కనిపించనివాళ్ల కోసం దాని వెనక ఓ మాట రాసి పెట్టుకునే వీలు కూడా ప్రమాణాల్లోకి వచ్చింది. ఆ మాటని 'ఆల్ట్' అంటారు. 1997 డిసెంబరులో అది తప్పనిసరి అయింది. 1999 మేలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, వికలాంగులకు వెబ్‌ని అందుబాటులోకి తెచ్చేందుకు నియమాలు ప్రకటించినప్పుడు మొట్టమొదటి నియమం ఇదే: బొమ్మకు బదులు మాట. రాయడానికి పట్టేది ఐదారు సెకన్లు. అయినా రాయరు!

రాయనందుకు జరిమానా పడ్డ సందర్భమూ ఉంది. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్ జరిగాయి కదా. వాటి వెబ్‌సైట్‌లో బొమ్మలకు మాటలు లేవని, తాను ఆ సైటు చదవలేకపోతున్నానని బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. నిర్వాహకులు 20 వేల ఆస్ట్రేలియా డాలర్లు పరిహారంగా కట్టాల్సి వచ్చింది. ఆ దేశంలోనే 2006లో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని మిత్రులు 'ఎన్‌వీడీఏ' అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. కంప్యూటర్ తెరని చదివి వినిపించే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా ఇచ్చారు. అది తెలుగు కూడా చదువుతుంది.

తెలుగువాళ్ల సంగతి ఇంకో తీరు. 2000ల తొలి రోజుల్లో తెలుగు సైట్లలో ఒక్కోచోట ఒక్కో ఫాంటు. ఒకరి ఫాంటు ఇంకొకరి కంప్యూటర్‌లో గజిబిజి గుర్తుల్లా కనిపించేది. ఆ బాధ పడలేక చాలామంది 'హోం', 'వార్తలు', 'సినిమా' లాంటి మీటల మీది తెలుగు మాటల్ని బొమ్మలుగా మార్చి అతికించేవారు. కంటికి తెలుగే. యంత్రానికి మాత్రం ఉత్త రంగుల మచ్చ. యూనికోడ్ వచ్చి, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, మెల్లగా తెలుగు తెలుగైంది. ఆ అవసరం తీరి ఏళ్లు గడిచినా బొమ్మలో అక్షరాలు పెట్టే అలవాటు మాత్రం పోలేదు. శుభాకాంక్షల పోస్టర్లు, ఆసుపత్రి ప్రకటనలు, పరీక్ష ఫలితాల నోటీసులు... ఇప్పటికీ సగం బొమ్మలే!

అల్లమా ఇది?

మర్నాటి నుంచి మనవరాలు రాత్రిళ్లు ఓ పని పెట్టుకుంది. తాత కోసం ఒకే ఒక్క పేజీ. అందులో నాలుగు మీటలు: కొమ్ము ధర, గోళ ధర, వాన కబురు, ఇంటికి ఫోన్. యార్డుకు వెళ్లినవాళ్లు ఫోన్ చేసి చెప్పిన ధరని సాయంత్రాలు తనే ఎక్కిస్తుంది. నాలుగు మీటలే కదా, గంట పని అనుకుంది. ఐదు వారాలు పట్టింది.

మొదట రంగు. పసుపు పేజీ కదా అని తెల్లటి నేల మీద పసుపు బొమ్మలు వేసింది. ఎంత ముచ్చటగా ఉందో! తాత ఫోన్‌ని ముక్కుకి ఆనించి చూసి, "ఏడుంది బిడ్డా? ఉత్త తెల్లగున్నది" అన్నాడు. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాస్తారు కదా, ఆ మూలల్లో పసుపు కాస్త దూరం నుంచి చూస్తే ఉందా లేదా అనిపిస్తుంది. అదే సంగతి. రెండు రంగుల మధ్య తేడాని కొలిచే లెక్క ఒకటుంది. నలుపు, తెలుపుల మధ్య అది 21. అక్షరాలకైతే కనీసం 4.5, బొమ్మ మీటలకైతే కనీసం 3 ఉండాలన్నది నియమం. తెలుపు మీద ఆమె వేసిన పసుపుకి వచ్చింది 1.6. అదే పసుపుని నేలగా పరిచి నలుపుతో గీస్తే దాదాపు 13. గడపకి పసుపు పూసి దాని మీద కుంకుమ బొట్లు పెట్టేవాళ్లకి ఈ లెక్క ఎప్పుడో తెలుసనుకోవాలి.

తర్వాత బొమ్మ. కొమ్ము గీసింది, గోళ గీసింది. పెద్దగా ఉన్నప్పుడు బాగానే ఉన్నాయి. బొటనవేలి గోరంతకి తగ్గించేసరికి రెండూ ఒకేలా ముద్దలైపోయాయి. నానమ్మకి చూపించింది.

"అల్లమా ఇది?" అంది నానమ్మ.

జీవితమంతా పసుపులో గడిపిన మనిషే అల్లమంటే ఇక చెప్పేదేముంది! నున్నటి నీడలు, మెరుపులు అన్నీ తీసేసి, నాలుగు ముదురు గీతల్లోకి తెచ్చింది. కొమ్ము పొడుగ్గా, పక్కన రెండు పిలకలతో. గోళ గుండ్రంగా, ఒంటి మీద మూడు వలయాలతో. అప్పుడు కూడా నమ్మకం చాలక బొమ్మ కింద పేరు రాసింది లావుపాటి అక్షరాలతో. బొమ్మ ఉంటే పేరెందుకని ఆమె తోటి ఉద్యోగులు వాదించేవారు. బ్యాలెట్‌లో గుర్తు పక్కన పేరు ఎందుకుందో వాళ్లని అడగాలి. బొమ్మ భాష అందరికీ ఒకటే అన్నది సగమే నిజం. ఇవాళ ప్రతి సైటులోనూ పైన మూలకి కనిపించే మూడు అడ్డగీతల్ని నార్మ్ కాక్స్ అనే డిజైనర్ 1981లో జిరాక్స్ కంపెనీ కంప్యూటర్ కోసం గీశాడు. లోపల జాబితా ఉందని దాని అర్థం. నలభై ఏళ్లు దాటింది. ఆ గీతలు చూపించి ఇదేంటని ఆర్మూరు యార్డు దారిలో పదిమందిని అడిగితే ఎంతమంది చెబుతారు?

మూడోది, అసలుది... పేరు. ఈసారి మరిచిపోలేదు. ప్రతి బొమ్మ వెనకా మాట రాసింది. తాత వేలు పెట్టాడు.

"పసుపు కొమ్ము బొమ్మ. బటన్" అంది ఫోన్.

తాత ఆగాడు. "బొమ్మ నాకెందుకే? బొమ్మ జూస్తనా నేను? ధర జెప్తదా లేదా, గది జెప్పుమను."

చదువుకున్నవాళ్లు పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన సూత్రం అది. మీట మీద ఏముందో కాదు, నొక్కితే ఏమవుతుందో చెప్పాలి. 'కొమ్ము, ఇవాళ్టి ధర' అని మార్చింది. అందం కోసం చుట్టూ వేసిన పసుపు ఆకుల అంచుకి కూడా మొదట్లో మాట రాసింది. మీటకీ మీటకీ నడుమ 'అలంకరణ ఆకు, అలంకరణ ఆకు' అని ఫోన్ జపం చేయడంతో తాత విసుక్కున్నాడు. అలాంటివాటికి ఖాళీ మాట ఇస్తే గొంతు వాటిని దాటేసి వెళ్లిపోతుంది.

ఇంకో చిక్కు. పేజీలో భాష తెలుగని ఎక్కడా రాయలేదు. ఫోన్‌లోని ఇంగ్లిష్ గొంతు అది చదవబోయి తెలుగు అక్షరాల్ని మొత్తం మింగేసి, అంకెలు మాత్రం చెప్పింది. కళ్లంలో జరిగిందే మళ్లీ! లోపల ఒకే ఒక్క మాట చేర్చితే సరిపోయింది, ఈ పేజీ తెలుగు అని.

సైజు దగ్గర ఎక్కువ తగువు కాలేదు. మీట కనీసం ఇంత ఉండాలని కొలతలున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకి గూగుల్ చెప్పేది దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు. తాత వేళ్లు చూశాక ఆ కొలత పక్కన పెట్టేసింది. పసుపు పనిలో మొద్దుబారి, ఎండి, చీలిన వేళ్లు. అలాంటి వేలిని తెర ఒక్కోసారి వేలుగానే గుర్తించదు. మీటల్ని తెరలో సగం సగం చేసి, నడుమ ఖాళీ వదిలింది. ఒకటి బదులు పక్కది తగలకూడదు కదా. పైగా గొట్టం చూపువాళ్లకి మూలల్లో విసిరేసినట్టున్న మీటలు దొరకవు. అన్నీ ఒకే చోట, ఒకే వరుసలో ఉండాలి. ఆ వరుస ఎప్పటికీ మారకూడదు. ఈ ఆఖరి మాటని ఆమె తన కోసం కాగితం మీద రాసి, కంప్యూటర్ పక్కన అతికించుకుంది.

ధర పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు చూపిద్దామనుకుంది. మేనమామ వచ్చినప్పుడు చూసి 'రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి గదరా' అన్నాడు. ఆయనకి చిన్నప్పటి నుంచీ ఆ రెండు రంగుల తేడా తెలియదని ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది. మిరప చేను ఎలా కోయించాడో ఇన్నేళ్లూ! రంగు పక్కన పైకో కిందికో బాణం, 'పెరిగింది', 'తగ్గింది' అన్న మాట చేరాయి.

చట్టం సంగతి

ఇదంతా ఇంట్లో వాళ్ల ముచ్చట అనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. వాళ్లలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైనే. పెద్దాయనలా వయసుతో చూపు మసకబారినవాళ్లలో చాలామంది ఏ లెక్కలోకీ రారు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, సమాచారం అందరికీ అందేలా ఉండాలంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచే మార్గదర్శకాలున్నాయి. అయితే పాటిస్తే మంచిది అన్నట్టుగా నడిచింది వ్యవహారం. రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలుగా ఉండాలని తేల్చింది. ఆ కేసులో దేశమంతా పరిశీలించి కోర్టుకి నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు స్పష్టం చేసింది. బ్యాంకు ఖాతా కోసం ఫోన్ ముందు కళ్లార్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితురాలు, చూపులేని మరో వ్యక్తి వేసిన పిటిషన్లవి.

తీర్పులొచ్చాయి. దుకాణం సైటు కట్టే కుర్రాడి దాకా అవి రావడానికి ఎంతకాలం పడుతుందో! బట్టల దుకాణం సైటులోని ఆ పదకొండు మీటలకి మాత్రం మనవరాలు 2021లోనే పేర్లు పెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, ఎవరికీ చెప్పకుండా. మొత్తం పదకొండు నిమిషాలు పట్టలేదు.

బోర్డూ వచ్చింది. 2019లో 178 మంది రైతులు అడిగిన జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతి రోజున, జనవరి 14న, నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆ వార్త టీవీలో విన్న పెద్దాయన, "గా పన్నెండు మిషన్లు ఊకనే పోలే" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

ఇప్పుడు పొద్దున చాయ్ తాగాక మంచం మీద కూర్చుని ఫోన్ తీస్తాడు. పై వరుసలో ఎడమ చేతి వైపు మొదటి మీట. 'కొమ్ము, ఇవాళ్టి ధర. బటన్' అంటుంది. రెండుసార్లు తడతాడు. అంకె వింటాడు. పక్కింటివాళ్లు అడిగితే గట్టిగా చెప్తాడు. పక్కింటి పిల్లగాడు పెద్దవాడై పట్నం పోయాడు. వాళ్ల నాయన ఇప్పుడు రేటు కోసం ఈ ఇంటికే వస్తున్నాడు.

మొన్న మనవరాలు వచ్చినప్పుడు పేజీ గురించి ఓ కొత్త కోరిక కోరాడు.

"బిడ్డా, ఎర్రజొన్నకు గూడ ఒక మీట పెట్టరాదు?"

"పెడతా తాతా. చివరన పెడతా. ముందున్న నాలుగూ కదలవు."

"గట్లనే. బొమ్మ మంచిగ గియ్యి మరి. మీ నానమ్మ జూసి సజ్జ అంటది."

బొమ్మ ఇంకా కుదరలేదు. ఇప్పటికి మూడు గీసింది. మొదటిదాన్ని నానమ్మ నిజంగానే సజ్జ కంకి అంది. రెండోది మొక్కజొన్న అయింది. మూడోది చూసి కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు ఆలోచించి, "చీపురా?" అని అడిగింది.